క్రొత్తయిల్లు అను పేరుగల యిల్లు

మనము వంశనామమును ఇంటిపేరని పిలుచుచున్నాము. అయినను మన యిండ్లకు పేళ్లుండుట అరుదు. ఐరోపాఖండమున, పిరెనీసు పర్వతముల పడమటికొసను, స్పెయిను ఫ్రాన్సు దేశముల సరిహద్దునందు నివసించు బాస్కుజాతివారి పద్ధతి వేఱు. వారిలో పేరు మొదట ఇంటికి, పిదప అందు కాపురముండువారికి. వారి భాషకు పొరుగుభాషలలో దేనితోను చుట్టఱికము లేదు. అందుచే ఆ పేళ్లు పరులకు వింతగా తోచును గాని, వాని యర్థములు మిక్కిలి సామాన్యములు. "గోయికోఎచేయా" యనగా ఎగువయిల్లు. "ఎలిసోందో" యనగా గుడిప్రక్క. "ఇబార్రా" యనగా లోయ. దక్షిణ అమెరికాకు స్వాతంత్ర్యము తెచ్చిన సైమన్ బొలివారు పూర్వులు బిస్కాయసీమలోని బొలీబార్ అను పల్లెవారు. ఆ పేరునకు పిండిమరల లోయ యని యర్థము.

బాస్కుభాషలో "ఎచే" యనగా ఇల్లు, "బెర్రి" యనగా క్రొత్త. ఎచెబెర్రియా, ఎచెవెర్రి, చావార్రి మొదలగు ఇంటిపేళ్లన్నియు ఈ క్రొత్తయింటివే. అక్షరములు అరిగి అరిగి ఆ మాటయే ఒకచోట "షబియేర్" ఐనది. దానిని స్పెయినువారు హావియేర్ అందురు. ఇంగ్లీషువారి నోట అది జేవియర్.

ఆ పేరుగల యింటిని చూచుటకై మేము నవార్రాసీమకు పోయితిమి. పాంప్లోనా నగరమునకు ఆగ్నేయముగా 30 మైళ్లకు పైబడిన దూరమున, ఒక బండమీద, బురుజులతో కూడిన చిన్న రాతికోట కలదు. లోపలి ప్రార్థనామందిరమున అక్రోటు కొయ్యతో చెక్కిన క్రీస్తు విగ్రహమున్నది. సిలువపై వ్రేలాడుచున్నను ఆ ముఖమున చిఱునవ్వు కలదు. చుట్టును గోడలమీద అస్థిపంజరములు నాట్యమాడుచున్నట్లు చిత్రించియున్నారు. ఏటేట మార్చిమాసమున వేలకొలది జనులు కాలినడకను ఇచ్చటికి యాత్ర వత్తురు.

ఈ కోటలో 1506 ఏప్రిల్ 7వ తేదీని ఫ్రాన్సిస్ జన్మించెను. తండ్రి హువాన్ దె హాస్సో గొప్ప న్యాయకోవిదుడు, నవార్రారాజుగారి ఆలోచనసభకు అధ్యక్షుడు. అయినను ఆ కుమారునకు ప్రసిద్ధి తెచ్చినది తండ్రి పేరు కాదు. కోట తల్లియగు మరియా దె అస్పిలిక్వెటా పుట్టింటిది. కడగొట్టు బిడ్డయగు ఫ్రాన్సిస్ ఆ తల్లి యింటిపేరుతోనే లోకమునకు తెలిసెను.

ఆ యిల్లాలు పడిన కష్టము తక్కువది కాదు. 1512లో కాస్టిలు సేనలు నవార్రాను ఆక్రమించెను. 1515లో భర్త మరణించెను. మఱుసటియేడు కార్డినల్ సిస్నెరోసు ఉత్తరువున కోటబురుజులను పడగొట్టిరి. పెద్దకుమారులిరువురు తమ రాజుపక్షమున పోరాడుచుండగా, ఆమె 1529లో మరణించువఱకు ఆ సంసారము నీదుకొని వచ్చెను. కోటను మరల బాగుచేసినది 19వ శతాబ్ది చివరనే. బురుజులు లేని ఆ కాలమంతయు పేరుమాత్రము నిలిచియే యున్నది.

ఫ్రాన్సువైపు బాస్కుసీమలలో పూర్వము మఱియొక ఆచారముండెడిది. కొడుకైనను కూతురైనను మొదట పుట్టిన సంతానమే యింటికి వారసులు. కూతురు వారసురాలైనచో భర్త ఆమె యింటికి వచ్చును, ఆ యింటిపేరుననే పిలువబడును. మనలో ఇల్లరికపుటల్లుడన్న చులకన కలదు; అచ్చట అది నలుగురు నడచు త్రోవయే. 1789 నాటి ఫ్రెంచి విప్లవము తరువాత వచ్చిన శాసనములు ఈ ఆచారమును రద్దుచేసెను.

ఇంటియజమానురాలిని వారు "ఎచెకోఆంద్రే" యందురు. మన "ఆండ్రు" అను మాటతో దీనికిగల పోలిక కాకతాళీయమే. దేవాలయమున ప్రతి యింటికిని ఒక స్థలముండెడిది. ఆ నేలక్రిందనే పూర్వము ఆ యింటి పితరులను పాతిపెట్టెడివారు. అచ్చట కూర్చుండి, చెక్కకు చుట్టిన మైనపువత్తిని వెలిగించి, పితరులను స్మరించుట ఆమె విధి.

ఫ్రాన్సిస్ జేవియర్ 1542 మే 6వ తేదీని గోవాలో దిగెను. 1552 డిసెంబరు 3వ తేదీని చీనాతీరమునందలి షాంగ్‌చువాన్ ద్వీపమున కన్నుమూసెను. ఆయన దేహము గోవాలోని బోంజేసు దేవాలయమున నేటికిని ఉన్నది. అఱవవారు ఆయనను సవేరియార్ అందురు. తెలుగు కథోలికులు శౌరి యందురు. ఇది విష్ణునామమగు శౌరిశబ్దము కాదు, ఆ బాస్కుమాట మన నోట తిరిగిన రూపము. శౌరయ్య, శౌరమ్మ యను పేళ్లు మన క్రైస్తవ కుటుంబములలో విననివారెవరు? మన పల్లెలో ఒక తల్లి తన కూతును "శౌరమ్మా" యని పిలిచినపుడెల్ల, తెలియకయే దూరదేశపు మఱియొక తల్లి పుట్టింటిపేరును పలుకుచున్నది.

సోదరీమణులారా! మనకు పెండ్లితో ఇంటిపేరు మారుట వాడుక. మారినదానితోపాటు విడిచివచ్చినదానికిని అర్థముండును. అది ఏ యూరిదో, ఏ వృత్తిదో, ఏ పెద్దదో, చెప్పగల ముత్తైదువలు ఇంటనుండగనే అడిగి వ్రాసియుంచుట మేలు.