యొర్దాను నీరందని ఉప్పు సముద్రము

యెరూషలేము నుండి యెరికో వైపు దిగే దారిలో ఒకచోట సముద్ర మట్టాన్ని తెలిపే గుర్తు ఉంటుంది. 2016లో మా సంఘ యాత్రికులతో వెళ్లినప్పుడు, ఆ గుర్తు దాటాక కూడా మా బస్సు దిగుతూనే ఉంది. చివరకు సముద్ర మట్టానికి సుమారు 430 మీటర్ల దిగువన ఉన్న మృత సముద్ర తీరానికి చేరాము. లోకంలో ఇంతకంటె పల్లపు తీరం లేదు.

పేరుకు సముద్రమే గాని ఇది సరస్సు. యొర్దాను నీరు వచ్చి చేరుతుంది, బయటకు పోయే త్రోవ లేదు. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. మాలో ఈత రానివారు సైతం వెల్లకిల తేలుతూ చిన్నపిల్లలవలె నవ్వారు.

ఏన్గెదీకి వచ్చాక ఆ నవ్వు నిలువలేదు. 1980లలో నీటి అంచున కట్టిన స్నానశాల నుండి నీరు కిలోమీటరుకు పైగా వెనుకకు పోయింది. దగ్గరలోని స్నానఘట్టాన్ని 2015లోనే మూసివేశారు. ఉప్పునీరు తగ్గిన చోట మంచినీటి ఊటలు నేలలోని ఉప్పు పొరలను కరిగిస్తాయి. లోపల గుల్లయి, పైనేల ఒక్కసారిగా క్రుంగుతుంది. అటువంటి గుంటలు ఈ తీరాన వేలకొద్దీ ఉన్నాయి.

ఎందుకిలా జరిగింది? 1964లో ఇశ్రాయేలు గలిలయ సముద్రపు నీటిని పెద్ద కాలువతో మళ్లించింది. యర్మూకు నీటిని సిరియా, జోర్డాను దేశాలు వాడుకొన్నాయి. యొర్దాను నీటిలో పదవ వంతైనా ఇప్పుడు చేరడం లేదు. వేడి పెరిగి వానలు తగ్గుతున్న కొద్దీ కష్టం రెట్టింపవుతుంది. మట్టం ఏటా మీటరుకు పైగా పడిపోతోంది. ఎర్ర సముద్రం నుండి నీరు తెచ్చే పథకానికి 2013లో ఒప్పందం కుదిరినా, 2021లో జోర్డాను దానిని విడిచిపెట్టింది.

ప్రియ పాఠకులారా, ఇది పరాయివారి తప్పని తీర్పు తీర్చకుందము. దక్షిణాన ఈ నీటిని మడులలో ఎండబెట్టి పొటాష్ తీస్తారు. అది మన దేశానికీ దిగుమతి అవుతుంది, మన పొలాలలోనూ పడుతుంది.

యెహెజ్కేలు 47వ అధ్యాయపు దర్శనంలో మందిరం నుండి పారిన నది ఈ సముద్రానికి స్వస్థత తెస్తుంది, ఏన్గెదీ తీరాన జాలరులు నిలుస్తారు. ఆ దర్శనంలో నీరు దిగువకు వచ్చింది. నేడు ఎగువనే ఆగిపోతోంది. ఎగువవారు వంతు మించి వాడుకొంటే శివారు పొలం ఎండుతుందని మన కాలువల క్రింది రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన చెరువు తూము దగ్గరనైనా, ఇంటి బోరు దగ్గరనైనా, దిగువనున్న పొరుగువానిని తలంచుకొందము.