ఊరి రాయి, ఫోనులో ఆట

మా దుర్గి పేరు చెప్పగానే ఎవరికైనా రాతి శిల్పాలు గుర్తుకొస్తాయి. ఉలి పట్టినవాడు చెక్కిన నంది అతని తరువాత కూడా అలాగే ఉంటుంది. ఆ ఉలి చప్పుళ్ళ మధ్య పెరిగిన నేను మాత్రం నా రాత్రులన్నీ పబ్జీలో చెక్కుకున్నాను!

2018లో ఫోన్లలోకి వచ్చిన ఆ కాల్పుల ఆటలో, ఊరు విడిచి తలొక చోట స్థిరపడిన మేము నలుగురం ఒకే స్క్వాడ్. మైకులో శత్రువుల గురించి కన్నా ఊరి కబుర్లే ఎక్కువ. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జూలై 2న క్రాఫ్టన్ సంస్థ దానినే బీజీఎంఐ పేరుతో తెచ్చింది. 2022 జూలై 28న అదీ యాప్ స్టోర్ల నుండి తొలగిపోయి, 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది.

ప్రతిసారీ ఎదురుచూశాను, తీరా వచ్చాక విసుక్కున్నాను. గోడ వెనుకనున్నా గురి తప్పని హ్యాకర్లు ఒకవైపు, లోపల ఏముందో తెలియని క్రేట్లు మరొకవైపు. రంగు చొక్కాల కోసం డబ్బు పోసింది నేనే కనుక ఆ తప్పు నాదే.

అసలు బాధ అది కాదు. ఆట రెండుసార్లు తిరిగివచ్చింది, మిత్రులు రాలేదు. జాబితాలో వారి పేర్ల పక్కన వందల రోజుల లెక్క కనిపిస్తోంది. ముగ్గురి ఫోను నంబర్లూ నా దగ్గరే ఉన్నాయి. ఆట లేకుండా మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఇంతవరకూ ఒక్కరికీ ఫోను చేయలేదు.