ఒంటరి ప్రయాణమున అక్షరమే తోడు

స్త్రీ దూరప్రయాణమునకు బయలుదేఱినపుడు ‘తోడెవరు?’ అను ప్రశ్న మన యిండ్లలో ముందుగా పుట్టును. అది తగని ప్రశ్నయని మేమనము. కాని తోడనగా మనుష్యుడే కానక్కఱలేదని 2019వ సంవత్సరమున రుష్యాదేశపు రైలులో ఒక దినమునకు పైగా గడపి తెలిసికొంటిమి. దానిని సోదరీమణులతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు.

మా చెల్లెలు యూరలు పర్వతముల కావలనున్న యెకతెరీన్‌బుర్గు నగరమున భర్తతో కాపురముండెను. ఆమెకు నెలలు నిండవచ్చెను. మా తల్లి గతించినది. తల్లిలేని యింట అక్కయే తల్లి గదా! అది జూన్ మాసము. బడులు తెఱచు సమయమగుటచే మావారికి సెలవు దొరకలేదు. మఱది నిండుచూలాలిని విడిచి మాస్కోకు రాజాలడు. కావున మాస్కో వఱకు విమానములోను, అచ్చటినుండి సుమారు 1,800 కిలోమీటర్లు రైలులోను ఒంటరిగా పోవ నిశ్చయించితిమి.

నెలదినములు ముందుగానే మావారు రుష్యా అక్షరములు కాగితముపై వ్రాసి యిచ్చిరి. అవి 33. మన యేబదియాఱును దిద్దినవారికి అదియొక లెక్క కాదు. చిక్కు వేఱొకచోట నున్నది. కొన్ని చూపునకు ఆంగ్లాక్షరములే, పలుకు మాత్రము వేఱు. ‘పి’ వలె నున్నది ‘ర’ యగును. ‘హెచ్’ వలె నున్నది ‘న’. ‘బి’ వలె నున్నది ‘వ’. భోజనశాల పేరు ఆంగ్లరీతిని చదివినచో ‘పెక్టోపా’ యని నవ్వు పుట్టించును. సరిగా చదివినచో ‘రెస్తొరాన్’, మన మెఱిగిన మాటయే. ఆఱుకాళ్ల పురుగు వలెనున్న అక్షర మొకటి కలదు. మరుగుదొడ్డి తలుపుపై అది కనబడినచో స్త్రీలదని గుర్తు. స్టేషనులలో మాకు మిక్కిలి యుపకరించిన అక్షర మదియే.

రైలులో ఏర్పాటులు చక్కగా నున్నవి. టిక్కెట్టుపై పాసుపోర్టు సంఖ్య యుండును; రెండును సరిచూచిన పిదపనే పెట్టెలోనికి ఎక్కనిత్తురు. కోరినవారికి స్త్రీలకే ప్రత్యేకించిన నాలుగు పడకల గది దొరకును. ప్రతి పెట్టెకును ఒక పరిచారకురాలు. ఆమెను ‘ప్రొవొద్‌నీత్స’ యందురు. పెట్టె చివర రేయింబవళ్లు వేడినీరు కాగుచుండును. ఆ నీటితో మేము అటుకులు నానవైచికొని, ఊరగాయతో రెండు పూటలు గడపితిమి. మా పెట్టెలో స్టేషను సమీపించుటకు ముందే మరుగుదొడ్డికి తాళము వేయుచుండిరి; ఇది ముందుగా తెలిసియుండుట మేలు.

మా గదిలో నొక వృద్ధురాలు తోడయ్యెను. ఆమె దోసకాయయు నల్లరొట్టెయు పెట్టగా, మేము సున్నుండ లిచ్చితిమి. నీజ్‌నీ నోవ్‌గొరొద్ దాటి వోల్గానది వచ్చినపుడు ఆమె మా భుజము తట్టి కిటికీ చూపెను. మా కిరువురకు ఉమ్మడిభాష లేకున్నను, గోదావరి యొడ్డున పెరిగినవారము గనుక ఆ చూపు మాకు తెలిసినదే. భారతములో దమయంతి అడవిలో ఒంటరియై వర్తకుల బిడారుతో కలిసి నడచిన కథ జ్ఞప్తికి వచ్చెను.

మఱునాడు పెర్మ్ నగరము దాటిన పిమ్మట, మేము దిగవలసిన యూరిపేరు చెప్పి వృద్ధురాలి నడిగితిమి. ఆమె తల యూపి ‘స్వెర్ద్‌లోవ్‌స్క్’ అనెను. మరల నడుగగా మరల నదే మాట. మా గుండె జల్లుమనెను. ఈ బండి వేఱొక యూరికి పోవునా? చెల్లెలి గతియేమి? చేతిసంచిలోని శొంఠిపొడి పొట్లమును గట్టిగా పట్టుకొని నడవలోనికి పోయితిమి. అచ్చట గోడపై స్టేషనుల పట్టిక యుండెను. వ్రేలు పెట్టి, కూడబలుకుకొని చదివితిమి. ‘యె-క-తె-రీ-న్-బుర్గ్’ అని యుండెను. అప్పటికి గాని ఊపిరి నిలువలేదు. 1924 మొదలు 1991 వఱకు ఆ నగరమునకు స్వెర్ద్‌లోవ్‌స్క్ అనియే పేరట. స్టేషను పేరు 2010వ సంవత్సరమున గాని మాఱలేదట. ముసలమ్మ తనకు అలవాటైన పేరే పలికినది. ఈ సంగతి పిదప మఱది చెప్పెను.

ఆ నడవలో నిలిచియుండగా మాకు మా తల్లియే తలపునకు వచ్చెను. ఆమెకు చదువు లేదు. తునినుండి రాజమహేంద్రవరమునకు పోవునపుడెల్ల ప్రతి స్టేషనులోను ‘ఇది యేయూరమ్మా?’ అని ప్రక్కవారి నడుగుచుండెను. పిల్లలమై మేము నవ్వుచుంటిమి. ఆమె ప్రయాణములన్నిటిలోను ఇట్టి గుండెదడ యుండెను గాబోలు.

మధ్యాహ్నము పర్వతముల నడుమ తెల్లని స్తంభ మొకటి కనబడెను. ఐరోపా ఒకవైపు, ఆసియా ఒకవైపు. పిదప కొంతసేపటికే దిగితిమి. బండి యాగినచోట చెల్లెలు భారముగా నిలిచి యుండెను. ఐదవనాడు ఆడుబిడ్డ కలిగెను.

ఏ దేశమునకు పోవలసి వచ్చినను, పయనమునకు ముందు అచ్చటి అక్షరములు నేర్చుకొనుడు. దినమునకు నాలుగైదు చాలును. పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా నేర్వవచ్చును, మేమట్లే నేర్చితిమి. మన యింట ఇంకను చదువురాని అత్తగారో, మేనత్తయో యున్నచో, ముందుగా ఆమెచే మన యూరి స్టేషను పేరు చదివింపుడు.