అక్షరం లేని భాగం



ఖాజాగూడ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునే మన పిల్లలు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనగానే అడిగే ప్రశ్న ఇది: "అన్నా, 256 జీబీ అన్నాడు, 238 చూపిస్తోంది. షాపోడు మోసం చేశాడా?"

లేదు తమ్ముడూ. డిస్కు కంపెనీ 1000 లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన. తేడా అదే.

అది కాక డిస్కులో రికవరీ పార్టిషన్ అని ఒక భాగం దాగి ఉంటుంది. సీ, డీ లాగా దానికి అక్షరం ఇవ్వరు, అందుకే కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే తెలుస్తుంది. విండోస్ కూలిపోతే లేపి నిలబెట్టేది అదే. జాగా కోసం తుడిచేయకండి. వారంటీ లేని ల్యాప్‌టాప్‌కి అదే దిక్కు. కొన్నిట్లో ముందే తీసేసి ఉంటారు, కొనేముందే చూసుకోండి. డిస్కే పోతే అదీ పోతుంది కాబట్టి, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ చేసి దాచుకోండి.

అక్షరం ఇవ్వకపోతే ఉన్నవాళ్లు కూడా లేనట్టే. ఈ లెక్క మనకు తరాలుగా తెలుసు. 1910లో భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలో మన పిల్లలకు బడులు పెట్టడం మొదలుపెట్టింది అందుకే. మీ చేతిలో ఉన్న మిషన్‌ను కూడా పూర్తిగా చదవండి.