కూతవేటు దూరంలో

సాయంత్రం ఏడింటికి ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా కూర్చుని, ఫోన్‌లో బ్లూటూత్ తెరిచి కొత్త పరికరాలు వెతకమని చెప్పండి. చుట్టుపక్కల కాపురాలన్నీ తెర మీదికి దిగుతాయి. ఎవరింట్లో ఏ కంపెనీ టీవీ ఉందో దాని పేరే చెప్పేస్తుంది. ‘చింటూ డాడీ’ అనే ఫోను, ఎవరివో ఇయర్‌బడ్స్, ఒక సౌండ్‌బార్, రెండు మూడు వాచీలు. ఉన్నట్టుండి బరువు చూసుకునే మిషను పేరొకటి పైకి తేలి, కాసేపటికి మాయమవుతుంది. పై ఫ్లాట్‌లోనో కింద ఫ్లాట్‌లోనో ఎవరో దానిమీద ఎక్కి దిగారన్నమాట. ఎన్ని కిలోలో మన ఫోను చూపించదు కాబట్టి ఇరుగుపొరుగు సఖ్యత నిలబడింది.

ఇవన్నీ మాట్లాడుకునేది ఒకే ఇరుకు జాగాలో. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరున్న కాస్త తరంగాల పట్టీని చాలా దేశాలు లైసెన్సు అడక్కుండా జనానికి వదిలేశాయి. మన దేశంలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు ఆ వెసులుబాటు 2005 నిబంధనలతో వచ్చింది. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు డబ్బు కట్టొచ్చేవాళ్లు. అది వినడానికి మాత్రమే. ఇప్పుడు అదే ఇంట్లో డజను వస్తువులు సొంతంగా ప్రసారాలు చేస్తున్నా అడిగేవాడు లేడు. ఎవరి సొత్తూ కాని చోట అందరూ చేరతారు కదా, వైఫై కూడా అక్కడే ఉంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరిగేదీ ఆ చుట్టుపక్కలే.

ఇంత సందడిలో మన పాట తెగకుండా చెవికి చేరడం వెనక ఉన్నది ఓ తొక్కుడుబిళ్ల ఆట. పాటలకు వాడే బ్లూటూత్‌లో ఆ తరంగాల పట్టీ మీద గీసిన గడులు 79. ఫోనూ ఇయర్‌బడ్సూ కలిసి సెకనుకు 1,600 సార్ల దాకా గడి మారుస్తాయి. ఏ గడి తర్వాత ఏ గడిలోకి గెంతాలో జతపడిన ఆ రెంటికీ ముందే తెలుసు. ఒక గడిలో ఎవరో అడ్డొచ్చి పాట ముక్క పోయినా, ఫోను మరో గడిలోకి దూకి దాన్నే మళ్లీ పంపుతుంది. ఫలానా గడుల్లో వైఫై తిష్ఠ వేసిందని గమనించి, వాటిని వదిలేసి మిగతావాటిలో గెంతే తెలివి 2003లో 1.2 వెర్షన్‌తో వచ్చింది. పక్కవాడితో తగువు పెట్టుకోకుండా తప్పుకు తిరిగే ఈ మర్యాద మన ట్రాఫిక్‌లో ఎందుకు రాలేదో ఆలోచించాల్సిన విషయమే.

హాలీవుడ్ నటి హెడీ లమార్ బ్లూటూత్ కనిపెట్టిందని వాట్సాప్‌లో తరచూ వస్తుంటుంది. అది కొంచెం ఎక్కువ. సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి ఆమె 1942లో పేటెంట్ పొందిన మాట నిజం. టార్పెడోను నడిపే రేడియో సంకేతాన్ని శత్రువు చెడగొట్టకుండా, పియానో మెట్ల లెక్కన 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతించాలన్నది వాళ్ల ఊహ. ఆ గెంతులకూ బ్లూటూత్‌కూ చుట్టరికం ఉంది, అంతే. బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఎరిక్సన్ కంపెనీలో యాప్ హార్ట్‌సెన్ అనే డచ్చి ఇంజినీరు చేతుల్లో మొదలైంది. ఫోనుకీ చుట్టూ ఉండే సరంజామాకీ మధ్య వైర్లు పీకెయ్యాలన్నదే అసలు కోరిక. దీనికి ఓ డెన్మార్క్ రాజు పేరు పెట్టిన కథ ఈపాటికి అందరూ చెప్పేశారు, వదిలేద్దాం.

నన్నడిగితే బ్లూటూత్ గొప్పతనమంతా దూరం పోలేకపోవడంలోనే ఉంది. మామూలు ఫోన్లలో దీనికిచ్చే శక్తి కొద్ది మిల్లీవాట్లే, అందేది పది మీటర్ల చిల్లర. అందుకే గోరంత బ్యాటరీతో ఇయర్‌బడ్స్ గంటలకొద్దీ మోగుతాయి. దీనికి శత్రువు గోడ ఒక్కటే కాదు, మనిషి కూడా. ఒంట్లో ఉన్న నీళ్లు ఈ తరంగాల్ని తాగేస్తాయి. గదిలో అయితే గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఎలాగో చెవికి చేరతాయి. ఫోను వెనక జేబులో పెట్టుకుని డాబా మీద పచార్లు చేస్తే ఆ ఆసరా ఉండదు, ఖాళీ ఆకాశం కింద పాట ముక్కలవుతుంది. అడ్డం ఏమీ లేదే అని ఫోనును తిట్టుకుంటాం. అడ్డం మన నడుమే!

మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దాయన పొద్దున్నే స్పీకర్‌లో విష్ణు సహస్రనామం పెడతారు. ఒకరోజు నామాలు టక్కున ఆగి, అదే గొంతులోంచి వాళ్లమ్మాయి పలికింది. ‘నాన్నా, ఆ ప్లాటు సంగతి అన్నయ్యకు అప్పుడే చెప్పకు.’ మెట్లు దిగుతున్న మేమంతా విన్నాం. అన్నయ్య హాల్లోనే పేపరు చదువుతున్నాడు. యంత్రం తప్పు చెయ్యలేదు. పాటకు ఒక పద్ధతి, కాల్‌కు మరో పద్ధతి ఉంటాయి. ఆ స్పీకరుకు రెండూ వచ్చు. కాల్ ఎత్తగానే పాటను ఆపి, మైకు తెరిచి, అటూ ఇటూ మాటల్ని మోయడం మొదలుపెట్టింది. ఎదురుగా ఎవరున్నారో చూసుకోమని దానికెవరూ నేర్పలేదు.

డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో కుర్రాళ్లు బ్లూటూత్‌ను వేరే పనికి వాడారు. హాస్టల్ మంచం మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి ‘బ్లూటూత్ ఆన్ చెయ్‌రా’ అనేవాళ్లు. పాట పోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చోవాలి. తొంభై శాతం దగ్గర ఆగిపోతే మళ్లీ మొదట్నించీ. ఫోన్లు పాటలు పంచుకునేలోపు మనుషులు కబుర్లు పంచుకునేవాళ్లు, కొన్ని స్నేహాలు ఆ నిమిషాల్లోనే కుదిరాయి.

ఇన్నాళ్లూ బ్లూటూత్ ఇద్దరి మధ్య వ్యవహారం. 2022లో ఆరాకాస్ట్ అనే పేరుతో ఒకచోటి నుంచి ఎందరి చెవులకైనా ఒకేసారి పంపే ఏర్పాటు వచ్చింది. అది అందుకునే వినికిడి యంత్రాలూ వస్తున్నాయి. కళ్యాణ మండపంలో ప్రవచనం పెట్టారనుకోండి. లౌడ్‌స్పీకరు హోరుకు వినికిడి యంత్రం తీసి జేబులో పెట్టేసుకునే తాతగారికి, వెనక వరసలో కూర్చున్నా వక్త మాట నేరుగా చెవిలో పడుతుంది. కాకపోతే మండపంలో ఆ ప్రసార పరికరం ఉండాలి, తాతగారి చెవిలో కొత్తరకం యంత్రం ఉండాలి. మండపం వాళ్లు ఈసారి సౌండ్ సిస్టమ్ మార్చేటప్పుడు ఇంకో రెండు పెద్ద బాక్సులు కొనేముందు దీని సంగతి కనుక్కుంటే బాగుండు.