దసరా తెల్లారి బొటనేలు

ఏందన్నా, కుంటుతున్నవ్? నిన్న జమ్మి కాడ అలయ్ బలయ్ తీసుకున్నప్పుడు మంచిగనే ఉంటివి గద! నడిరాత్రి బొటనేలు వాచిందా? దుప్పటి తాకినా ఓర్వలేకుంట అయిందా? గట్లనే అయితది. గిది గౌట్ అనే కీళ్లనొప్పి, శానసార్లు రాత్రిపూటనే వస్తది.

ఇగ ఇంట్లోళ్లు ఊకుంటరా? పప్పు బంద్, పాలకూర బంద్! పాపం, పప్పు ఏం జేసిందే? అమెరికాల హ్యోన్ చోయ్ అనే డాక్టరు, ఆయన తోటోళ్లు 47 వేలకు పైన మొగోళ్లను 12 ఏండ్లు గమనించి, 2004ల లెక్క బయటపెట్టిన్రు. మాంసం, చేపలు ఎక్కువ తినేటోళ్లకే గౌట్ ఎక్కువ. యూరిక్ యాసిడ్ పుట్టిచ్చే ప్యూరిన్లున్న పప్పులు, కూరగాయలతోని పెరగలే. గా ముచ్చట సదివినంక నాకు పాణం లేసొచ్చింది. పప్పుచారు లేకుంట బతుకుడెట్ల చెప్పు?

మరి దొంగెవరు? యాట తెగినంక అందరి కన్ను దేని మీదుంటది? బోటి, కార్జం! ప్యూరిన్ల గని కార్జమే. ఆ ప్యూరిన్లే ఒంట్ల యూరిక్ యాసిడయితయి. నెత్తుర్ల ఆ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే, కీళ్లల్ల సూదుల్లెక్క గడ్డకట్టుడు షురువు గావచ్చు. కాలి ఏళ్లు ఒంట్ల అన్నిటికన్నా సల్లగుంటయి, బొటనేలుకు గోస ఎక్కువుండుడుకు అదొక కారణం.

దాని పక్కకు బీరు. అది ప్యూరిన్లు తెస్తది, లోపలున్న యాసిడ్‌ను ఉచ్చల పోనియ్యది. రెండు దిక్కులా దెబ్బ! ఈత కల్లు సంగతా? లొట్టి దించుతుంటే ఆ వాసనకే నా మనసు అటు గుంజుతది. కాని పులిసినకొద్ది దాన్ల ఆల్కహాల్ పెరుగుతది. ఏలు వాచినప్పుడు ముట్టకు. తియ్యటి కూల్‌డ్రింకు గూడ సుట్టమే, దాన్ల ఫ్రక్టోజ్‌తోని లివర్ల యాసిడ్ తయారయితది.

ఇంకోటి విను. తొమ్మిదొద్దులు ఒక్కపొద్దులుండి, పదోనాడు బోటి మీద పడుతరు. ఉపాసం గూడ యాసిడ్ పెంచుతది, ఆపైన విందు! ఎండకాలం రామగుండం దిక్కు చెమట కారి, నీళ్లు తాగకపోయినా గంతే. బీపీకిచ్చే నీరు తీసే గోలీలతోని గూడ లేస్తది, అట్లని నీ అంతట నువ్వు ఆపకు. యాసిడ్ తగ్గించే అల్లోప్యురినాల్ గోలీ మొదలువెట్టిన కొత్తల గూడ నొప్పి రావచ్చు. మందు పడలేదని పారేయకు, డాక్టరును అడుగు.

వచ్చే దసరాకు బోటి రెండు ముక్కలే ఏసుకో, పక్కకు చెంబెడు నీళ్లు పెట్టుకో. నన్ను గూడ పిలువు.