బుడమేరు నీళ్ళలో పంతులుగారు

2024 ఆగస్టు నెలాఖరుకి నా చేతిలో ముగ్గురు స్వాతంత్ర్య సమరయోధుల ఆయిల్ బొమ్మలున్నాయి: టంగుటూరి ప్రకాశం పంతులుగారు, పింగళి వెంకయ్యగారు, పొట్టి శ్రీరాములుగారు. ఒక సభాభవనానికి ఒప్పుకున్న పని. మా ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో, కింది వాటా.

ముగ్గురిలో నన్ను తిప్పలు పెట్టింది పంతులుగారే. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ మీద నిరసనలో తుపాకులకు రొమ్ము చూపిన మనిషిని వేయమన్నారు. అప్పుడాయనకి 56వ ఏడు. నాకు దొరికిన ఫొటోలేమో 1953లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన నాటివి, ఎనభై దాటిన ముఖం. నుదురు, దవడ ఎముక వయసుతో కండ మారినంతగా మారవు. గళ్ళు గీసి ముందు వాటిని కాన్వాస్ మీదికి ఎక్కించుకుని, జారిన కండని పైకి తెస్తూ పోయాను. పాత పత్రికల అచ్చులో కళ్ళుండవు, రెండు నల్ల మచ్చలుంటాయి. చూపు అందులోంచే తీయాలి. ముదురు గోధుమరంగు అంబర్‌తో పల్చగా నీడలు వేసి, ఆరాక పసుపుమట్టి రంగు ఓకర్, తెలుపు, ఎరుపు పొరలు పొరలుగా వేస్తాం. కింది పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పైపైకి అవిసె నూనె ఎక్కువ. తిరగబడితే రంగు పగులుతుంది.

సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి వీధిలోకొచ్చింది. ముందు అమ్మని మేడమీదికి చేర్చాను. వెంకయ్యగారినీ శ్రీరాములుగారినీ మోసుకెళ్ళాను. పంతులుగారిది ఆరడుగుల బొమ్మ, రంగింకా తడి. ఒక్కడి చేతులకి లొంగలేదు. నీళ్ళు నడుం దాటాక వదిలేశాను.

కరెంటు లేదు. పడవలో వచ్చిన పాలప్యాకెట్లు అమ్మకీ పక్కింటి పిల్లలకీ సరిపెట్టాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరో చెప్పారు. పంతులుగారి పేరు పెట్టుకున్న బ్యారేజీ తట్టుకుంది. ఆయన బొమ్మ మాత్రం మా ఇంట్లో మునిగింది.

నీళ్ళు తీశాక చూస్తే స్టాండు విరిగి, ముఖం బురదలో బోర్లా పడుంది. కాన్వాస్ వదులై, అడుగు పూత ఉబ్బి, వేలు తగిలితే రంగు ఊడొస్తోంది. ఏళ్ళుగా దాచిన పత్రికల కత్తిరింపులు ముద్దయిపోయాయి. నాకు బొమ్మకన్నా అవే పెద్ద దెబ్బ.

పని ఇచ్చినవాళ్ళు గడువు పెంచారు, రంగుల ఖర్చు ఇవ్వలేదు. కొత్త కాన్వాస్ మీద నుదురు, దవడ తొందరగానే కుదిరాయి. చూపు కుదరలేదు. ఒక పెద్దాయన పంతులుగారి ఫొటో ఉన్న తన పాత పుస్తకం చేతికిచ్చాకే అది వచ్చింది.

మీ ఇంట్లో స్వాతంత్ర్య సమరయోధుల పాత ఫొటోలుంటే, ఫోన్‌తోనైనా కాపీ తీసి వేరే ఊళ్ళో ఉన్న మీవాళ్ళకి పంపి ఉంచండి.